తాడు లోపల నిలబడ్డ చిన్నాయిన

నిన్న పొద్దున షాద్‌నగర్ బస్సులో ఉండగా అవ్వ, అంటే మా అమ్మ, ఫోన్ చేసింది. "మీ చిన్నాయిన పోయిండు బిడ్డా" అన్నది.

నమ్మలేదు. ఆయనతో నా కొట్లాట ఇంకా అయిపోలేదు కదా.

మీలో చాలామందికి ఆయన కవి. నాకు మా బాపు తమ్ముడు. ఛందస్సు వద్దన్నవాడు. కవిత చివర ఫుల్‌స్టాప్ కూడా పెట్టనివాడు.

నా ఏడో తరగతిలో, నోట్‌బుక్కుకు మార్జిన్ కొట్టుకుంటుంటే స్కేలు గుంజుకున్నాడు.

"గీతల నడుమ రాస్తే అక్షరాలు గొర్లయితయి పిల్లా!"

మంద దగ్గర నుంచి అప్పుడే వచ్చిన అవ్వ ఊరుకుంటుందా? "గొర్లను ఏమనకురా. నిన్ను సదివిచ్చినయి గవే."

ఎంత నవ్వాడో ఆ రోజు.

ఉద్యమంలో "తాళ్లు తెంపుకుందాం" అని రాశాడు. ఆ కవితలు చదివే నేను ఎదురు మాట్లాడడం నేర్చుకున్నాను.

రాష్ట్రం వచ్చింది. ఆయనకు పదవి వచ్చింది.

"ఇగ లొల్లి చాలు. క్రమశిక్షణ గావాలె" అనడం మొదలుపెట్టాడు.

మహబూబ్‌నగర్‌లో సర్కారు బతుకమ్మ. అక్కడ డిగ్రీ చదువుతూ నేనుంటున్న హాస్టల్ అమ్మాయిలందరికీ ఒకే రంగు చీరలు. గ్రౌండులో సున్నంతో గీసిన గుండ్రాలు, చుట్టూ తాడు. స్టేజీ మీద ముఖ్య అతిథి మా చిన్నాయినే.

తాడు అవతల బస్తీ ఆడవాళ్లు తమ బతుకమ్మలు పట్టుకొని నిలబడ్డారు. లోపలికి రానివ్వలేదు.

మేమే మా బతుకమ్మలు ఎత్తుకొని తాడు దాటాం. వాళ్లతో కలిసి రోడ్డు మీద ఆడాం.

మర్నాడు నా హాస్టల్ సీటు తీసేశారు. బాపు చదువు మానిపిస్తానన్నాడు. చిన్నాయిన ఒక్క మాట చెబితే సీటు ఉండేది. అడగడానికి వెళ్లాను.

"నువ్వు రాసిందే గదా చేసినం?"

"గది కవిత్వం బిడ్డా. గిది ప్రోగ్రాం."

"మరి తాడు తెంపుమన్నది ఎవరు?"

"గప్పుడు తాడు వాళ్లది. గిప్పుడు మనది."

చాయ్ తాగమన్నాడు. తాగలేదు.

అవ్వ బాపుతో కొట్లాడి నా చదువు నిలబెట్టింది. మా ఊరు కొత్తకోట నుంచి రోజూ బస్సులో నిలబడి వెళ్లి డిగ్రీ పూర్తి చేశాను. మళ్లీ ఆయన గడప తొక్కలేదు.

నిన్నటి నుంచి ఫోన్ నిండా "స్వేచ్ఛా కవికి జోహార్లు". ఆ రోజు స్టేజీ మీద ఆయన పక్కన కూర్చున్నవాళ్లు కూడా పెడుతున్నారు.

చిన్నాయినా, నీ పుస్తకాలు పారేయలేదు. వాటిని నీకంటే ఎక్కువ నమ్మింది నేనే. అదే మండుతోంది.

వెళ్లిరా. నీకు శాంతి దొరకాలి.

మమ్మల్ని మాత్రం శాంతంగా ఉండమనకు.