తాయారు పలకని పేరు

మా గ్రంథాలయం గణపతిరావుగారు ఊరికే కూర్చునే మనిషి కాదు. అరవై ఏడు వేసవిలో తలుపు పక్కన కొత్త బోర్డు కట్టారు. ఎండాకాలం పొద్దుటిపూట పిల్లలకు కథలు, గురువారం మధ్యాహ్నం ఆడవాళ్ల చదువు మండలి, వానలు పడ్డాక సాయంత్రాలు రైతుల కూటమి. శృంగవరపుకోట సంత నుంచి బస్సు దిగిన మగవాళ్లంతా ఆ బోర్డు చదివి, ఆడవాళ్ల మండలి దగ్గర ఆగి, ఎవరొస్తారు బాబూ అని నవ్వారు. వాళ్ల నవ్వులకేం, మేం వచ్చాం. చాపలు కూడా మేమే తెచ్చుకున్నాం.

మాలో సగం మందికి అక్షరం ముక్క రాదు. కాబట్టి ఒకరు చదవాలి, మిగిలినవాళ్లు చింతపండు పిక్కలు తీసుకుంటూ వినాలి. చదివేది తాయారు. ఎనిమిదో తరగతి దాకా చదివి మా వీధికి కోడలుగా వచ్చింది. అత్తవారింట్లో పుస్తకమన్నది లేదు. బెల్లం పొట్లం కట్టిన కాగితాన్ని పొయ్యిలో పెట్టేముందు నిలబడి చదువుకునేది. అలాంటి పిల్లకు గురువారమంటే పండగే.

ఆమె అత్త జగ్గమ్మ చెడ్డ మనిషి కాదుగానీ, ఏదీ కళ్లతో చూడందే నమ్మదు. ఓ గురువారం తనూ వచ్చి మా మధ్య కూర్చుంది.

"సదువో, కబుర్లో ఇయ్యాల సూస్తాను. కబుర్లయితే ఈ గడప మళ్లీ తొక్కవు" అంది కోడలితో, మేమందరం వింటుండగానే.

ఆ రోజు గణపతిరావుగారు కొత్త నవల ఇచ్చారు. రేవు, వాన, పడవ కోసం చూసే జనం. తాయారు గలగలా చదువుకుపోతోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. మొహం ఎర్రబడింది. తల ఎత్తదు, నోరు విప్పదు.

"ఏటే, సదువు?" అంది జగ్గమ్మ.

తాయారు పుస్తకంలోకే చూస్తోంది.

"ఇదేటి మీ సదువు? నాలుగు ముక్కలు కంఠతా పట్టి మాకు ఇనిపిస్తన్నావా ఇన్నాళ్లూ? లెగు, ఇంటికి నడు."

నాకు ఒళ్లు మండింది. ఈ ముసలమ్మ భయానికే పిల్లకు మాట పెగల్లేదనుకున్నాను. తాయారు పుస్తకం మూయబోయింది. పక్కనే కూర్చున్న మిషన్ బడి పంతులమ్మ లీలారాణి చెయ్యి అడ్డం పెట్టి, ఆగిన చోటు చూసి చదివింది.

"జగన్నాధం. అంతే కదా తాయారూ?"

జగ్గమ్మ చప్పున కొంగు తలమీదికి లాక్కుంది. జగన్నాధం ఆమె మొగుడి పేరు. తాయారుకు మావగారు. మా ఇళ్లలో మొగుడి పేరు, అత్తమామల పేర్లు ఆడది నోట పలకదు. పలికితే వాళ్లకు ఆయుష్షు తరుగుతుందంటారు.

"ఆయన పేరు ఇందులోకెలా వచ్చినాది?" అంది జగ్గమ్మ గొంతు తగ్గించి.

"ఇది వేరే మనిషి, జగ్గమ్మా" అన్నారు గణపతిరావుగారు బీరువా పక్కనుంచి.

"ఏరే మనిషైనా పేరు అదే కదా బాబూ." కోడలి వైపు తిరిగింది. "సదవడం రాకపోతే గడగడా దాటిపోయేది. సదివింది కాబట్టే ఆగింది నా కోడలు."

హమ్మయ్య అనుకున్నాం అందరం. తాయారు కళ్లు తుడుచుకుంది.

"పేరొచ్చినప్పుడల్లా నేను చెప్తాను, మిగతాది నువ్వు చదువు" అంది లీలారాణి. అలాగే సాగింది. పేరు దగ్గర తాయారు వేలు పెడుతుంది, లీలారాణి పలుకుతుంది, జగ్గమ్మ కొంగు సర్దుకుంటుంది. చివరికి కథలో జగన్నాధాన్ని, చెయ్యని దొంగతనానికి, పోలీసులు పట్టుకుపోయారు. అక్కడికి ఆ రోజు చదువు అయింది. జగ్గమ్మ ఒళ్లో చింతపండు అలాగే ఉండిపోయింది.

ఇంటికెళ్లాక మళ్లీ పంపిస్తానని గానీ, పంపనని గానీ ఆవిడ అనలేదట. అడగడానికి తాయారుకు ధైర్యం చాల్లేదు. తరవాతి గురువారం, ఇక ఆశలేదనుకుని, పెరట్లో గిన్నెల ముందు కూర్చుందట. జగ్గమ్మ వచ్చి చేతిలో పీచు లాగేసుకుంది.

"గిన్నెలు తరవాత తోముదువు, లెగు. వారం నుంచీ మీ మావ ఠేసన్లో ఉన్నాడు."

వసారాలో నులకమంచం మీద పడుకున్న మావగారు తల ఎత్తాడు.

"నేనేటి సేసేనే?"

"నిన్ను కాదు. నువ్వు పడుకో."

ఇద్దరూ ఒకే చాప చుట్టుకుని వచ్చారు.