వెళ్ళొస్తానన్న మాట

ఆ వృద్ధుల హోమ్‌లో ఆయాని అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆవిడ మీద ఒక్క మెమో లేదు. వచ్చే నెల నుంచి ఆ అంతస్తుకి ఆవిడే ఇన్‌ఛార్జి అని అందరికీ తెలుసు, ఆవిడకైతే మరీ బాగా తెలుసు. నోరు కాస్త పెద్దదే. కానీ మంచం పట్టినవాళ్ల వీపుకి పుండు పడనివ్వదు. ఆ చేతుల కోసం ఆ నోటిని ఎంతైనా భరించవచ్చు.

కొత్త నర్సుది వేరే భాష. వచ్చి రెండు నెలలు, ఇంకా పర్మినెంటు కాలేదు. విన్న ప్రతి తెలుగు మాటా నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. "దగ్గినా రాసుకుంటుందమ్మా ఈ పిల్ల!" అని పెద్దమ్మ అందరినీ నవ్వించేది. ఆ పిల్లా నవ్వేది, సగం అర్థమై.

సోమవారం మధ్యాహ్నం రెండవుతుండగా, పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయిన లెక్కల మాస్టారిని ఇద్దరూ కలిసి బాత్రూంలో కుర్చీ మీద కూర్చోబెట్టారు. ఆయన్ని లేపాలంటే చెరోపక్కా ఒకరుండాల్సిందే. పెద్దమ్మ డ్యూటీ అయిపోయింది. తర్వాతి డ్యూటీకి రావాల్సిన రెండో ఆయా ఇంకా రాలేదు. వచ్చేస్తుందిలే అనుకుని పెద్దమ్మ సంచీ భుజాన వేసుకుంది.

"మాస్టారు లోపలున్నారు, జాగ్రత్త తల్లీ. వెళ్ళొస్తా," అని మెట్లు దిగిపోయింది.

మర్నాడు వచ్చేసరికి మాస్టారి కుడి మణికట్టుకి కట్టుంది. చూసి చూసి, విసుగొచ్చి, తనే లేవబోయి పడ్డారట. ఆయనకున్న మంచి చెయ్యి అదొక్కటే. ఇక చెంచా కూడా ఎవరో పట్టాలి. పెద్దమ్మ తిన్నగా మేనేజర్ గదిలోకి వెళ్ళి, అక్కడ నిలబడ్డ నర్సు మీద ఒంటికాలి మీద లేచింది.

"కళ్లెక్కడ పెట్టుకున్నావే? పెద్దాయన్ని అలా వదిలేస్తావా?"

"వదల్లేదు. తలుపు బయటే ఉన్నాను," అంది నర్సు. "మీరు వెళ్ళి వస్తాను అన్నారు. ఇరవై నిమిషాలు మెట్లవైపే చూశాను. మీరు రాలేదు."

పెద్దమ్మ తల కొట్టుకుంది.

"అయ్యో పిచ్చిదానా, అంటే ఇంటికెళ్తున్నానని!"

"మరి పోతున్నాను అనాలి కదా?"

"ఛీ ఛీ! ఈ ఇంట్లో ఆ మాట ఎవరైనా అంటారా?"

మేనేజర్ మేడంకి నవ్వు రాలేదు. మాస్టారి కూతురికి ఆవిడ జవాబు చెప్పుకోవాలి.

"రెండు నెలలైనా ఇది తెలియకపోతే ఈ అమ్మాయితో కష్టం. ఇవాళే పంపించేద్దాం. పెద్దమ్మా, నువ్వు రెండో ఆయాకి అప్పజెప్పే వెళ్ళావుగా? ఆ ముక్క చెప్పు, కాగితం రాసేస్తాను."

ఊఁ అంటే చాలు. రెండో ఆయా తన సొంత ఆడపడుచు, కాదనదు. నర్సు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. మేడం అంత వేగంగా మాట్లాడితే దానికి అందదు. తన ఉద్యోగం పోతోందని కూడా ఇంకా తెలియలేదు. అది చూడలేకపోయింది పెద్దమ్మ.

"లేదు మేడం. ఎవరికీ అప్పజెప్పలేదు. వస్తానని చెప్పి మరీ వెళ్ళిపోయాను. నా పేరు రాయండి."