లీటరుకు నాలుగు

మా బావ మహేశ్వర్ గురించి ఎవరడిగినా నేను ముందు పాత సంగతే చెబుతాను. కారు కొనకముందు ఆయనంత పొదుపుగా బండి నడిపినవాడు ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల లేడు. చెరువు కట్ట దిగేచోట మోటారుసైకిల్ ఇంజను ఆపేసి, కింది మలుపు దాకా ఊరికే జార్చుకుంటూ పోయేవాడు. వెనక కూర్చున్న మా అక్క నిర్మల భయంతో ఆయన చొక్కా గట్టిగా పట్టుకునేది. "పెట్రోల్ మన బాయిల ఊరుతదా?" అని ఆమెనే కసిరేవాడు. ట్యాంకు మూత తీసి, బండిని అటూ ఇటూ ఊపి, లోపలి చప్పుడు విని ఇంకెన్ని కిలోమీటర్లు వస్తుందో చెప్పేవాడు. నేను మెకానిక్‌ని, నాకే ఆ విద్య రాదు.

ఆయన చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పి పెట్టుకోవాలి. తప్పంతా ఎదుటివాడి మీదికి పోయేలా కథ చెప్పుకునే బుద్ధి నాకుంది, అది నాకు తెలుసు. టమాటా, బీర పండించి, తెల్లవారకముందే మార్కెట్‌కు మోసి ఇల్లు నిలబెట్టాడు బావ. సాగర్ రోడ్డు పక్కన నా చేత ట్రాక్టర్ షెడ్డు పెట్టించింది కూడా ఆయనే.

రోడ్డు పక్కనున్న చెలక భూములు ప్లాట్లు వేసేవాళ్లకు అమ్ముడుపోయాక అందరి వాకిళ్లలో తెల్ల కార్లు నిలబడ్డాయి. బావకు తెల్లది నచ్చలేదు. హైదరాబాదులో ఎవరో కొంతకాలం నడిపి, మూడేళ్లపాటు కదపకుండా వదిలేసిన నల్లటి విదేశీ కారు తెచ్చాడు. ఎనిమిది సిలిండర్ల ఇంజను. స్టార్ట్ చేస్తే వీధి కుక్కలు లేచి పక్కకు జరిగేవి. చూడ్డానికి ఊరు ఊరంతా వచ్చింది. నేను ఆశగా బానెట్ మీద చేయి పెట్టబోయాను.

"ట్రాక్టర్ చేతులు బామ్మర్దీ, జర దూరం ఉండు. గిది దున్నే బండి కాదు," అన్నాడు బావ.

అందరూ నవ్వారు. బావాబామ్మర్దుల మధ్య ఇంతకంటే పెద్ద మాటలే నడుస్తాయి. నేనూ నవ్వాను. కానీ ఆ మాట నాకు తగిలింది. మరిచిపోవాల్సినదాన్ని దాచిపెట్టుకున్నాను.

మా దగ్గర ఎవరైనా కొత్త బండి తెస్తే మొట్టమొదట అడిగేది మైలేజీ ఎంత ఇస్తుందనే. "లీటరుకు ఏడు ఇస్తది," అనేవాడు బావ. అవతలివాడు నోరు తెరిచేవాడు. ఆ తెరిచిన నోరు చూసి బావ ముఖం వెలిగిపోయేది. ఒక్కొక్క బొట్టు లెక్కపెట్టిన మనిషికి, లెక్క లేకుండా పోస్తున్నానని చెప్పుకోవడంలో అంత సంతోషం ఉందని నాకప్పుడే తెలిసింది. నెల తిరక్కుండానే ఏడు కాస్తా ఆరయింది. దసరా పోయాక అయిదు. ఇంకొకరైతే బండిని షెడ్డుకు తోలుకుపోయేవారు. మా బావ మాత్రం తగ్గిన ప్రతిసారీ ఆ సంగతి పదిమందికీ చెప్పుకున్నాడు.

పెట్రోల్ బంకులో పనిచేసే కిష్టాకే మొదట అనుమానం వచ్చింది. "మొన్ననే ఫుల్ చేసిన గదన్నా, గప్పుడే అయిపోయిందా?" అన్నాడట. "నువ్వు పెద్ద బండ్లు ఎన్నడన్న చూసినవా?" అని బావ వాడి నోరు మూయించాడు.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు నా షెడ్డు ముందు కారు ఆపి, అద్దం దించాడు. "బామ్మర్దీ, గిప్పుడు నాలుగే ఇస్తుంది."

నేను వంగి లోపలికి చూశాను. స్టీరింగు వెనకున్న మీటరులో సగటు మైలేజీ ఏడు అనే ఉంది. "మీటర్ల ఏడు చూపెడుతుంది గదా బావా?"

"గది వాళ్ల దేశం లెక్క. మన రోడ్ల మీద నాలుగే," అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆ మీటరు ఇంజను తాగిన పెట్రోలునే లెక్కవేస్తుంది. ఇంజను మొదటినుంచీ ఏడు లెక్కనే తాగుతోంది. ట్యాంకు మాత్రం నాలుగు లెక్కన ఖాళీ అవుతోంది. అంటే మిగిలిన పెట్రోలు ఇంజను దాకా రావడమే లేదు, దారిలో ఎక్కడో కారిపోతోంది. ఏళ్ల తరబడి నిలబెట్టిన బండ్లలో రబ్బరు పైపులు ఎండి పగులుతాయి. ట్రాక్టర్లకైనా అంతే. వెనక నుంచి పిలిస్తే వినపడే దూరంలోనే ఉన్నాడు బావ. పిలవలేదు. ట్రాక్టర్ చేతులకేం తెలుసని మళ్లీ అంటాడనుకున్నాను. ఆయనే రావాలి, జర చేయి పెట్టి చూడు తిరుమల్ అని ఆయనే అడగాలి. అప్పుడు చెబుదాం అనుకున్నాను.

ఆ వారంలోనే కోహెడలో చుట్టాల పెళ్లి. అందరం ఆ కారులోనే పోయాం. భోజనాలయ్యాక అక్కాబావలు పందిట్లో మాట్లాడుతుంటే, పదేళ్ల నా మేనకోడలు అంకిత, నేను కారులో కూర్చున్నాం. ఏసీ కోసం ఇంజను నడుస్తోంది. తలుపు వేసిన కాసేపటికే వాసన ముక్కుకు కొట్టింది. వెనక సీటు కిందినుంచి వస్తోంది. ట్యాంకు ఉండేది అక్కడే.

"మామా, నీకు పెట్రోల్ వాసన వస్తుందా? నాకైతే రోజు బడికి పోయేటప్పుడు తల నొస్తది," అంది అంకిత. "డాడీని అడిగితే పెద్ద కార్లకు గట్లనే ఉంటది అంటడు. నిజమేనా? నువ్వు మెకానిక్‌వి గదా."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఎవరికీ దొరకదు. పిల్ల అడిగింది, బావ పది అడుగుల దూరంలో ఉన్నాడు, పందిరి నిండా కారు తెచ్చిన రోజు నవ్విన మనుషులే ఉన్నారు. ఆ మనుషులను చూసే నేను వెనక్కి తగ్గాను.

"అవ్ బిడ్డా, గట్లనే ఉంటది," అన్నాను.

పిల్ల నమ్మింది. నేను అద్దాలు దించి, ఇంజను ఆపేసి, బావ వచ్చేదాకా పిల్లను నీడలో తిప్పాను. అంతవరకు చేశాను. తిరుగు ప్రయాణంలో అది నా భుజం మీద నిద్రపోయింది. ఇంటికి చేరేదాకా నా పక్క అద్దం దించే ఉంచాను.

అక్కకు మాత్రం మైలేజీ పడిపోవడం గొప్పగా అనిపించలేదు. దిష్టి అంది. "ఊరోళ్ల కండ్లన్నీ దీని మీదనే ఉన్నయ్. అమాస నాడు గుమ్మడికాయ కొడ్దాం," అంది. నన్నూ రమ్మంది. ఆరోజు ఎలాగైనా బావను పక్కకు తీసుకుపోయి చెప్పేయాలని ఒట్టు పెట్టుకుని వెళ్లాను. పూజ అయిపోనీ, తర్వాత చెబుదాం అనుకున్నాను.

పొద్దున తొమ్మిదికే ఎండ మండుతోంది. వాకిట్లో సిమెంటు నేల గేటు వైపు వాలుగా ఉంటుంది. కారు ముఖం గేటు వైపు ఉంది. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. పూజ కాగానే కందుకూరు వైపు చుట్టాలింటికి పోవాలని అంకిత కొత్త గౌను వేసుకుని అప్పటికే వెనక సీట్లో కూర్చుంది. పిల్లకు ఉక్కపోయకుండా బావ ఇంజను నడుస్తుండగానే వదిలేశాడు. వెనక తలుపులకు చైల్డ్ లాక్ వేసి ఉంది, లోపలినుంచి తీస్తే రావు.

బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి బావ కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. అక్క సాంబ్రాణి పొగ వేస్తోంది. ఆ పొగలో ఏ వాసనా తెలియలేదు. మూడో చుట్టు పూర్తయ్యేసరికి కారు కింది తడి నా కంట పడింది.

"ఏసీ నీళ్లు," అంది అక్క, నా చూపు చూసి.

ఏసీ నీళ్లు ముందు వైపు కారతాయి. ఈ తడి వెనక టైరు దగ్గర మొదలై, కారు పొడవునా సన్నగా పాకి, కారు ముందు బావ నిలబడ్డ చోటిదాకా వచ్చింది. ఆయన గుమ్మడికాయను తలపైకి ఎత్తాడు. "బావా, ఆగు," అన్నాను. ఆ మాట ఆయనకు వినపడేసరికే కాయ నేలకు తగిలి పగిలింది. కర్పూరం బిళ్ల ఎగిరి తడిలో పడింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. నీలిమంట నేలబారున కారు కిందికి పాకింది. నేను పరుగెత్తి వెనక తలుపు లాగాను. పిల్ల అవతలి తలుపును రెండు చేతులతో కొడుతోంది. కాళ్ల కింది నుంచి మంట పైకి వచ్చేసింది. నడుము పట్టుకుని బయటికి ఈడ్చాను. మేము గేటు దాటాక కారంతా అంటుకుంది.

అంకితకు మోకాళ్ల కింద రెండు కాళ్లూ కాలాయి. బతుకుతుందని మూడో రోజున డాక్టర్లు చెప్పారు. నడక సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ముందు నా దగ్గరికి వచ్చి, మేనమామ దేవుడిలా కాపాడాడని నా భుజం తట్టి పోతున్నారు. బావ దవాఖాన వరండాలో ఒక మూల నిలబడి గోడకు తల బాదుకుంటున్నాడు.

వారం తర్వాత అక్క, పిల్ల మంచం పక్కన కూర్చుని నా చేయి పట్టుకుంది. "బిడ్డ మస్తుసార్లు చెప్పిందంట తమ్మీ, పెట్రోల్ వాసన వస్తుందని. ఈన ఇనలే. గిసొంటి మనిషితోని ఇంక నేనెట్ల బతుకుదు?" అని కళ్లు తుడుచుకుంది. "నువ్వు గా పెండ్లికి గదే కార్ల వస్తివి గదా. నీకేమన్న వాసన వచ్చిందా?"

తలుపు దగ్గర బావ నిలబడి వింటున్నాడు. ఒక్క మాట చెబితే ఆయన మోస్తున్న బరువులో సగం నా మీదికి వచ్చేది.

"రాలే అక్కా," అన్నాను.

మంచం మీద అంకిత మేలుకునే ఉంది. నన్నే చూస్తోంది. మెల్లగా ముఖం గోడ వైపు తిప్పుకుంది.