చూడదగ్గ శ్మశానం

మా ఆయన ఎక్కడికి ప్రయాణం పెట్టినా ముందే ఫోన్ మ్యాప్ నిండా గుర్తులు పెట్టేస్తాడు. అమెరికా వచ్చి ఈ కమ్మింగ్‌లో కాపురం పెట్టి ఇన్నేళ్ళయినా, గుడికైనా సరే, ఇండియన్ స్టోర్‌కైనా సరే, జీపీఎస్‌లో ఆ ఆడగొంతు చెబితేనే మలుపు తిరుగుతాడు. "నా మాట కూడా ఇలా వింటే ఎంత బావుండేదో" అని దెప్పుతుంటాను. చాదస్తాలకు లోటు లేదు మనిషికి. కొన్ని శనివారాలు సరుకులకని వెళ్ళి వచ్చి, గరాజ్ పక్కన పైపు దగ్గర పాదాలు కడుక్కుని గానీ లోపలికి రాడు. కార్పెట్ మీద ప్రేమ అనుకునేదాన్ని.

స్కాట్లండ్ ప్రయాణానికీ అంతే. గ్లాస్గోలో చూడాల్సిన మ్యూజియంలు, గోడబొమ్మలు, చర్చిలు అన్నిటికీ గుర్తులు పెట్టాడు. వాటిలో ఒకటి శ్మశానమని అక్కడికి చేరేదాకా నాకు తెలియదు.

మొదటి రోజు ఎర్రరాతి మ్యూజియంకి వెళ్ళాం. మధ్యాహ్నం బాల్కనీలో ఎవరో పెద్ద ఆర్గాన్ వాయించారు. ఆ హోరుకి కాళ్ళ కింద నేల సన్నగా అదిరింది. పైకప్పు నుంచి తెల్లటి బొమ్మ తలలు వేలాడుతున్నాయి, ఒకటి నవ్వుతూ, ఒకటి ఏడుస్తూ, ఒకటి నోరు తెరిచి. మా అమ్మాయి వాటి కింద నిలబడి ఒక్కో ముఖాన్నీ అనుకరిస్తూ ఫొటోలు తీయించుకుంది. నాకు ఏడ్చే తల ఒక్కటే కనబడింది. ఎక్కడికి వెళ్ళినా నాకు అదే కనబడుతుంది.

మా అమ్మాయికి ముందు నాకొక ఆడపిల్ల పుట్టింది. ఏడవకుండానే పుట్టింది. అంత పసివాళ్ళను మనలో దహనం చేయరు, పూడుస్తారు. నేను ఆస్పత్రి మంచం మీద ఉండగా మా ఆయన వెళ్ళి ఆ పని చేసి వచ్చాడు. ఇండియా నుంచి అత్తగారు ఫోన్ చేసి, "ఆడోళ్ళు అటు పోవద్దు బిడ్డా. మళ్ళ ఆ ముచ్చట తీయకుండ్రి" అంది. కొడుకు ఆ మాట అక్షరాలా పాటించాడు. నేను పాప మాట ఎత్తబోతే లేచి బయటికి వెళ్ళి లాన్‌కి నీళ్ళు పట్టేవాడు. ఎక్కడ పూడ్చాడో కూడా చెప్పలేదు. నాకేమో ఆ పిల్ల మా ఇంట్లోనే ఉన్నట్టుండేది. బట్టల డ్రయర్ తిరుగుతున్నప్పుడు ఆ చప్పుడు వెనక ఏడుపు వినబడేది. ఆపి చూస్తే ఏమీ ఉండదు.

రెండో రోజు ఒక మేడ గోడంతా వేసిన బొమ్మ చూశాం, పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకున్న తల్లి. ఆయన దాన్ని ఫొటో తీయకుండానే ముందుకు నడిచాడు. పాత చర్చి చూసి, వంతెన దాటి కొండెక్కితే చుట్టూ సమాధులే.

"ఇదేంటి, శ్మశానంలా ఉంది?"

"శ్మశానమే. పైకెళ్తే సిటీ మొత్తం కనిపిస్తదంట. అందరూ వస్తరు."

నిజమే, జనం కాఫీ కప్పులతో తిరుగుతూ రాళ్ళ మీద పేర్లు చదువుకుంటున్నారు. ఇంతలో మా అమ్మాయి కేకేసింది.

"అమ్మా, లుక్! ఈ స్టోన్‌కి నేమ్ లేదు. ఓన్లీ 'ఇన్‌ఫంట్ డాటర్' అని ఉంది. ఎందుకు నేమ్ పెట్టలేదు?"

నాచు పట్టిన చిన్న రాయి. నేను అక్కడే కూర్చుండిపోయాను. ఆ తల్లి ఎప్పుడో ఇదే చోట కూర్చుని ఉంటుంది. వద్దన్నవాళ్ళు ఉండి ఉండరు. ఎన్నడూ చూడని, ఎప్పుడో పోయిన ఆ మనిషి మీద నాకు అసూయ పుట్టింది. మా ఆయన కాస్త దూరంలో వీపు తిప్పుకుని నిలబడ్డాడు.

కిందికి దిగాక, గేటు దగ్గర ఆయన సంచిలోంచి నీళ్ళ బాటిల్ తీసి, "షూ విప్పుండ్రి" అన్నాడు. కాళ్ళు కడుక్కుంటే పోయినవాళ్ళు వెంట రారని మనవాళ్ళ నమ్మకం. పండగనాడు తలంటుకే బతిమాలించుకునే మనిషి, ఆ చలిలో మా ఇద్దరి పాదాల మీదా నీళ్ళు పోశాడు.

"మన పాప దగ్గరికి నన్ను తీసుకెళ్తావా?" అని అడిగాను. ఆయన బాటిల్ మూత బిగించి సంచిలో పెట్టేశాడు.

తిరిగొచ్చాక మొదటి శనివారం, అమ్మాయిని డ్యాన్స్ క్లాస్‌లో దింపి, "పోదాం పా" అన్నాడు. ఎక్కడికని అడగలేదు. పెద్ద రోడ్డు వదిలి, ఒక చర్చి వెనక్కి తిరిగి, పైన్ చెట్ల మధ్య సన్నటి దారిలో కారు ఆపాడు. అప్పుడు గమనించాను, దారి పొడుగునా జీపీఎస్ గొంతు వినబడలేదు. ఫోన్ ఆయన జేబులోనే ఉంది.

నేల మీద అంతటా ఎండిన పైన్ ఆకులు. గడ్డిలో పరిచిన ఒక్క చిన్న సమాధి పలక చుట్టూ మాత్రం ఆకు లేదు, ఎవరో చేత్తో ఏరినట్టు. నేను ఆ పలక మీద అరచెయ్యి పెట్టి గట్టిగా ఏడ్చాను. ఇన్నేళ్ళుగా ఇంట్లో విన్న ఏడుపు నాదే కావచ్చు, నాకు తెలియదు.

"నన్నెందుకు తీసుకురాలేదు?"

"తీస్కొస్తే, నువ్వు మళ్ళ ఇంటికి రావని భయమైంది" అన్నాడు.

తిరిగి వెళ్ళేటప్పుడు కారు ట్రంక్ తెరిచాడు. లోపల ఒక మూలగా సగం ఖాళీ అయిన గ్యాలన్ నీళ్ళ క్యాన్ ఉంది. ఇంట్లో పైపు ఉన్నా, ఆ పిల్ల నా దాకా రాకూడదని ఇక్కడొకసారి, అక్కడొకసారి కడుక్కునేవాడన్నమాట. మూత తీసి, "కాళ్ళు" అన్నాడు.

"నేను కడుక్కోను. వస్తే రానీ."

ఆయన నా ముఖంలోకి చూశాడు. మూత బిగించి క్యాన్ మళ్ళీ లోపల పెట్టేశాడు. ఆ రోజు గరాజ్ పక్కన పైపు దగ్గర కూడా ఆయన ఆగలేదు.