మూల కలవని చతురస్రం

అమ్మమ్మది ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఉద్యోగం. అంత పేరు నోరు తిరగక పిల్లల తల్లులు ‘పూసల టీచర్’ అనేశారు. కంటికి కనబడినదాన్ని చేత్తో పట్టుకోలేని, గీయలేని పిల్లలు ఆమె దగ్గరికొస్తారు. వాళ్లచేత పూసలు గుచ్చిస్తుంది, గీత వెంట కత్తెర నడిపిస్తుంది. కొత్త క్రేయాన్లు కొన్న రోజే ముక్కలుగా విరిచేస్తుంది. పొడుగ్గా ఉంటే పిల్లలు పిడికిలి బిగిస్తారట. ముక్కైతే మునివేళ్లతో పట్టుకోక తప్పదట. ఇంట్లో ఎవరైనా పెన్సిల్ విరిస్తే మాత్రం చెవి మెలిపెడుతుంది.

అచ్చు బొమ్మలు ఆమెకు గిట్టవు. ‘‘చెయ్యి ఎలా కదులుతోందో పిల్లలు చూడాలి’’ అని ప్రతిదీ తానే గీసి చూపిస్తుంది. ‘‘ఊహించి కాదు, చూసి గీయాలి’’ అని రోజుకు వందసార్లు అంటుంది.

ఈమధ్య ఆమె చూపే మసకబారింది. టీలో చక్కెర బదులు ఉప్పు వేసుకుని, చక్కెరలో కల్తీ జరిగిందని షాపువాణ్ణి తిట్టింది. కళ్ల డాక్టరు దగ్గరికి పదమంటే, ‘‘ముప్పయ్యేళ్లుగా పిల్లలకు చూడ్డం నేర్పుతున్నదాన్ని, నా కళ్లకేం?’’ అంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

సరిగ్గా అప్పుడొచ్చింది బొంగరం. ఐదేళ్ల పిల్ల. ఒకచోట నిలవదని అమ్మమ్మే ఆ పేరు పెట్టింది. నెలాఖరు పరీక్షలో చతురస్రం చూసి గీస్తేనే ఒకటో తరగతి. లేదంటే ఇంకో ఏడాది చిన్నపిల్లల గదిలోనే.

మూడు వారాలు గీయించింది. ప్రతిసారీ కుడివైపు పైమూల కలవదు, వేలు దూరేంత సందు. అగ్గిపుల్లలతో పేర్చమంటే నాలుగు మూలలూ చక్కగా కలిపింది. కాగితం మీదికొస్తే మళ్లీ సందే. ‘మూలలు పోల్చుకోలేకపోతోంది’ అని అమ్మమ్మ ఫైల్లో రాసేసింది.

పరీక్ష ఇంక మూడు రోజులుందనగా పిల్ల తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది. ‘‘దీనికి రాదేమో మేడమ్.’’

‘‘ఎందుకు రాదు? ఏమే బొంగరం, ఈ మూల తలుపు తెరిచి పెట్టావేం? దొంగలు దూరరూ?’’

‘‘నువ్వే తెరిచావుగా టీచర్! నీదాంట్లో ఎంతుందో నాదాంట్లోనూ అంతే పెట్టా.’’

తల్లి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, ‘‘అవును మేడమ్, మీదీ కలవలేదండీ’’ అని నసిగింది.

అమ్మమ్మ తన కాగితం కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ముక్కుకు ఆనించుకుంది. లాభం లేక గీత వెంట వేలు నడిపింది. వేలికి క్రేయాన్ మైనం తగులుతూ తగులుతూ వచ్చి, మూల దగ్గర ఆగిపోయింది.

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడింది. ఫైల్లో రాసింది కొట్టేసి, పరువు పక్కన పెట్టి, అచ్చు కార్డు తెప్పించింది. బొంగరం నాలుగు మూలలూ ఠక్కున కలిపేసింది. పరీక్షలోనూ అంతే.

ఒకటో తరగతిలో చేరాక, టీచర్ కళ్ల డాక్టరు దగ్గరికి వెళుతోందని విని, తానూ వస్తానని మారాం చేసి వెంటపడింది. అక్కడ అమ్మమ్మ గోడ మీది అక్షరాలను గడగడా చెప్పేస్తోంది. అన్నీ తప్పులే.

‘‘ఊహించి కాదు టీచర్, చూసి చెప్పాలి!’’

‘‘కనబడట్లేదే, బొంగరం’’ అంది అమ్మమ్మ. ఆమెకు అంత చిన్న గొంతు కూడా ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు.