పంతులుకి అవ్వ ఇచ్చిన గడువు

జూన్ మొదటి ఆదివారం. చర్చికి టైమవుతోందని ఇంట్లో ఎవరూ నన్ను తొందరపెట్టకపోవడమే ఆ రోజు మొదటి ఆశ్చర్యం. బయటికొస్తే అమ్మ వాకిట్లో నిలబడి ఉంది. "మే, పక్కింటి అవ్వ పోయింది, నిద్రలోనే," అంది.

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నేనూ అవ్వా కలిసి ఓటీటీలో చూస్తున్న సీరియల్ ఇంకా పది నిమిషాలు మిగిలే ఉంది. మీరు నవ్వుకున్నా సరే, నిజం అదే.

ఆ కథలో మన దేశానికి స్వాతంత్ర్యం రానే రాలేదు. ఒక్క నాయకుడి మాటే చట్టం. పొరుగువాళ్ల మీద చాడీలు చెప్పడమే దేశభక్తి. గూడూరులో నా స్నేహితులంతా ఎప్పుడో చూసేశారు. మేమిద్దరమే వెనకబడ్డాం. కారణం అవ్వే. తెరమీద ఎవరికైనా కష్టమైన నిర్ణయం ఎదురైతే చాలు, టీవీ ఆపేసేది.

"రేపు చూద్దాం. పాపం, ఆలోచించుకోనీ."

"అవ్వా, అదంతా ఎప్పుడో షూటింగ్ చేసేసినారు! వాడు ఆలోచించడు!"

"నీకేం తెలుసు మే. భయపడినోణ్ణి తొందరపెడితే తప్పే చేస్తాడు. నోర్మూసుకోని నిమ్మకాయ నీళ్లు తాగు."

నెత్తి కొట్టుకునేదాన్ని. రిమోట్ అడిగితే కొంగు కింద దాచేది. నేను రాసిన వ్యాసం చదివి వినిపించినా ఇదే వరస. బాగుందనదు, బాగాలేదనదు. "రేపు చెప్తా" అంటుంది. మర్నాడు నిజంగానే చెప్పేది, నేను మరిచిపోయిన వాక్యం కూడా గుర్తుపెట్టుకుని. నా మాటలను రాత్రంతా మనసులో ఉంచుకున్న మనిషి మరొకరు లేరు.

శనివారం సాయంత్రం చివరి భాగం. పొరుగింటి ముసలాయన రాజద్రోహి అని బడిపంతులు సంతకం పెట్టాలి. పెట్టకపోతే తననే పట్టుకుపోతారు. కలం కాగితం దాకా వచ్చింది. అవ్వ టీవీ ఆపేసింది.

"అవ్వా! ఇంకెంతసేపని!"

"ఈ పొద్దుకి చాలు. మంచోడే, పెట్టడులే. రేపు చర్చి నుంచి వచ్చినాక చూద్దాం."

అందరికీ గడువిచ్చే మనిషి నాకు మాత్రం ఒక్క పూట ఇవ్వలేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక స్నేహితురాలు ఫోన్ చేసింది. "ఇంకేముందే, నేను చెప్పేస్తా విను, ఆ పంతులు..." ఫోన్ పెట్టేశాను. అవ్వ కోడలు రిమోట్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీ ఇద్దరి గోల మాకు తెలీదమ్మా. నువ్వే చూసుకో."

ఇన్నాళ్లూ నేను లాక్కోవాలనుకున్న రిమోట్. వారమంతా నొక్కలేకపోయాను.

రేపు మళ్లీ ఆదివారం. చర్చి నుంచి రాగానే అవ్వ కుర్చీ పక్కన నా పీట వేసుకుంటాను. పంతులు చేతిలో కలం ఇంకా ఆగే ఉంది. ఆయనకి ఇంత గడువు ఎవరూ ఇచ్చి ఉండరు.