కారుకు నేను చేసిన కంప్యూటర్

మా బావమరిది రాజకీయాల్లో ఉన్నాడు. ఏ పదవిలో ఉన్నాడో చెప్పడం కష్టం. వాళ్ల పార్టీ ఫ్లెక్సీల్లో కుడివైపు కింది మూలన, తపాలా బిళ్లంత ఫొటోలో చేతులు జోడించి కనిపిస్తాడు. ఒక ఆదివారం పొద్దున అతను అనంతపురంలో మా ఇంటికి వచ్చినప్పుడు నా పాత పెట్రోలు కారు స్టార్ట్ కాలేదు. బ్యాటరీ దిగిపోయింది, అంతకు మించి ఏమీ లేదు.

"నువ్వు పక్కకుండు బావా. ఇట్లాంటివి మాకు రోజూ ఉండేటివే," అంటూ తన పెద్ద బండిని నా కారుకు ఎదురుగా తెచ్చి నిలబెట్టి, దాని బ్యాటరీ నుంచి నా బ్యాటరీకి కరెంటు ఇవ్వడానికి కేబుళ్లు తీశాడు. ఎర్రదాన్ని నల్లదానికి, నల్లదాన్ని ఎర్రదానికి తగిలించాడు. టప్‌మని చిన్న చప్పుడు వచ్చింది. కాలిన ప్లాస్టిక్ వాసన వేసింది.

"ఏమీ కాలేదులే," అన్నాడు. ఏ మీటింగులోనైనా అతను చెప్పే మాట అదే.

కాలిపోయింది ఇంజిన్ కంప్యూటర్. అరచేయంత డబ్బా. ఇంజిన్‌కి ఎంత గాలి వస్తోంది, ఎంత వేగంగా తిరుగుతోంది, ఎంత వేడిగా ఉంది అని చూసుకుని, పెట్రోలు ఎంతసేపు చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు వెయ్యాలో చెప్పేది అదే. బైపాస్ పక్కన రేకుల షెడ్డులో ఉండే మెకానిక్ దాన్ని విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నా చేతిలో పెట్టాడు. అరవై దాటిన మనిషి. ఊరంతా భాయ్ అని పిలుస్తుంది.

"పాయె సార్. ఈ మోడల్‌కి కొత్తది దొరకదు. నా మాట వినండి, ఇదంతా పీకేసి పాత కాలం కార్బొరేటర్ పెట్టిస్తా. ఇంకో పదేండ్లు తిరుగుతాది."

నాకు రోషం వచ్చింది. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. ఇరవై ఏళ్లుగా ఒకే మైక్రోప్రాసెసర్ గురించి చెబుతున్నాను. దాని తయారీ ఆగిపోయి చాలా కాలమైంది, ఆ కబురు మా సిలబస్‌కు ఇంకా అందలేదు. అలాంటి నన్ను పట్టుకుని కార్బొరేటర్ అంటాడా!

"కంప్యూటర్ నేనే చేస్తా భాయ్," అన్నాను.

ఆయన నా చేతుల వైపు చూశాడు. సుద్దముక్క తప్ప మరేదీ పట్టని చేతులు. "చేయండి సార్," అన్నాడు.

ప్రపంచంలో ఇలాంటి పిచ్చివాళ్లు చాలామంది ఉన్నారని ఇంటర్నెట్‌లో చూసి తెలుసుకున్నాను. పాత కార్లకు ఇంజిన్ కంప్యూటర్లు సొంతంగా చేసుకునేవాళ్లు. ఉత్త బోర్డు ఒకటి, సంచెడు విడిభాగాలు తెప్పించుకుని, ఒక్కొక్కటే సోల్డరింగ్ చేసుకోవాలి. ఆ తర్వాత ఎంత స్పీడులో ఎంత పెట్రోలు అని ల్యాప్‌టాప్‌లో అంకెల పట్టిక నింపుకోవాలి. వాళ్లలో ఎక్కువమంది మంచు దేశాల వాళ్లు. వాళ్లు రాసుకున్న పుస్తకంలో మైనస్ ఇరవై డిగ్రీల చలిలో బండిని ఎలా లేపాలో పేజీలకు పేజీలు ఉంది. ఎండ గురించి దాదాపు ఏమీ లేదు. నేను ఆ చలి పేజీలన్నీ కింద గీతలు గీసుకుంటూ చదివాను. బయట వడగాలికి కిటికీ అద్దాలు కాలిపోతున్నాయి.

నాలుగు నెలలు మా భోజనాల బల్ల నా వర్క్‌షాపు అయ్యింది. మేమిద్దరం నేలమీద కూర్చుని తిన్నాం. మా ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. సాంబారు గిన్నెలో కెపాసిటర్ కనిపించిన రోజు కూడా గొడవ పెట్టుకోలేదు. దాన్ని తీసి కడిగి, ఆరబెట్టి, "ఇది మీదేనా?" అని అడిగిందంతే. కాలేజీ స్టాఫ్ రూములో మాత్రం నేను నోరు తెరవగానే మధ్యాహ్నం క్యారియర్లు మూసుకునేవాళ్లు ఎక్కువయ్యారు.

మొదటిసారి భాయ్ షెడ్డులోనే స్టార్ట్ చేశాం. రెండుసార్లు తుపాకీ పేలినట్టు పేలింది. షెడ్డు మీది పావురాలన్నీ లేచిపోయాయి. మూడోసారి ఇంజిన్ అందుకుంది. కాస్త కుంటుతూ, దగ్గుతూ, కానీ ఆగకుండా నడిచింది. నేను అతికించిన ఒక్కో ముక్క లోపల పనిచేస్తోందన్న ఆ సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు. భాయ్ చెవి ఒగ్గి విని, "మిస్సింగ్ ఉండాది సార్," అన్నాడు, ఇంజిన్ మధ్యమధ్య ఒక దెబ్బ తప్పుతోందని. వినపడనట్టు నటించాను.

ఆ మిస్సింగ్‌ని పట్టుకుంది మా ఆవిడ. నేను నడుపుతుంటే పక్క సీట్లో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అంకెలు చదివేది. ఒక సాయంత్రం స్క్రీను మీద వేలు పెట్టి, "ఈ వరసలో అన్నీ పెరుగుతాండాయి. ఇదొక్కటి తగ్గింది. ఎందుకు?" అంది.

ఎనభై మూడు కొట్టాల్సిన చోట ముప్పై ఎనిమిది కొట్టాను. "అది కావాలనే పెట్టినా," అన్నాను.

"ఓహో," అంది.

మర్నాడు ఆమె స్కూలుకు పోయాక మార్చాను. కుంటుడు పోయింది. సాయంత్రం ఆమె ఆ గడిని చూసింది, నన్ను చూసింది, ఏమీ అనలేదు. మా కాపురంలో ఆమె అనని మాటలతో ఒక లైబ్రరీ పెట్టవచ్చు.

మరుసటి ఏడు మే నెలలో బావమరిది కొడుకు పుట్టెంట్రుకలు. విడపనకల్లు అవతల వాళ్ల ఊరి గుడిలో. బావమరిది ఫోను చేశాడు.

"బావా, నీ ల్యాప్‌టాప్ బండి వద్దులే. నేను బండి పంపిస్తా."

అంతకన్నా పెద్ద అవమానం ఏముంటుంది? కంప్యూటర్ని కాల్చినవాడు బండి పంపిస్తాడట! మా కారులోనే వస్తామన్నాను. పిల్లాడికీ వాళ్లకూ పెట్టాల్సిన పెట్టుబడి బట్టలు పామిడిలో కొనాలంది మా ఆవిడ. దారి చుట్టే అయినా సరేనన్నాను. ఎంత దూరం పోతే నా కంప్యూటర్ గొప్పతనం అంత తెలుస్తుందని నా లెక్క.

పామిడి దాకా కారు గాలిలో తేలినట్టు పోయింది. నేను దారంతా చలి దేశాల వాళ్ల గురించి చెబుతూనే ఉన్నాను. బట్టల అంగళ్ల ముందు ఎండలో ఆపి, నలభై నిమిషాల్లో పని ముగించుకుని వచ్చి, సెల్ఫ్ కొట్టాను. ఇంజిన్ అందుకుని, రెండు దగ్గులు దగ్గి, ఆగిపోయింది. మళ్లీ కొట్టాను. మళ్లీ దగ్గి ఆగింది.

"ఏమయింది?" అంది మా ఆవిడ.

"ఏం లేదు. చిన్న అడ్జస్ట్‌మెంట్," అని ల్యాప్‌టాప్ తెరిచాను.

మిట్టమధ్యాహ్నం నడిబజార్లో ఒక మనిషి బానెట్ ఎత్తి, కారుకు వైరు పెట్టి, ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే జనం ఊరుకుంటారా? నిమిషంలో పదిమంది చేరారు.

"ఏమన్నా, కారులో సినిమా పెట్టినావా?" అని ఒకడు.

"ఛార్జింగ్ పెట్టినాడప్పా. కరెంటు కారు," అని ఇంకొకడు వాడికి వివరించాడు.

"కరెంటు కారుకి పెట్రోలు వాసన ఎట్ల వస్తాదిరా?" అని భుజాన తువాలు వేసుకున్న పెద్దాయన అడిగాడు. ఆ గుంపులో ఆలోచించగలిగింది ఆయనొక్కడే. నన్ను కూడా కలుపుకునే చెబుతున్నాను.

స్క్రీను మీద లోపలికి పోయే గాలి వేడి ఎనభై నాలుగు డిగ్రీలని కనిపిస్తోంది. అంత వేడి గాలిలో మేమంతా నిలబడి మాట్లాడుకుంటున్నామా అని నాకు తట్టలేదు. నేను చేసిన వస్తువు నాకెందుకు అబద్ధం చెబుతుందనుకున్నాను. మిగతా అంకెలన్నీ మార్చాను, ఆ ఒక్కదాని జోలికి పోలేదు. చెమట కీబోర్డు మీద కారింది. చివరికి ల్యాప్‌టాప్ తనకు వేడి ఎక్కువైందని ఒక మాట చూపించి, దానంతటదే ఆరిపోయింది.

ఈలోగా బావమరిదికి ఎవరో చెప్పారు. అతను పామిడిలో ఉన్న తన మనుషులను పంపాడు. మెడలో కండువాలతో నలుగురు దిగారు. "అన్న చెప్పినాడు సార్, మీరు గమ్మున కూర్చోండి," అని కారును రోడ్డు పొడుగునా తోశారు. కారు లేవలేదు. వాళ్లు మాత్రం ఫొటో తీసుకున్నారు. ఐదు నిమిషాల్లో అది వాట్సాప్ గ్రూపుల్లోకి పోయింది. నడిరోడ్డున ఆగిపోయిన ఉపాధ్యాయ దంపతులను మా అన్న ఆదుకున్నాడని రాశారు. ఫొటోలో స్టీరింగ్ పట్టుకుని నేను, వరద బాధితుడిలా. వరద అన్నది మా జిల్లాలో ఎప్పుడో గానీ చూడం, కాబట్టి ఆ ఫొటోకు మంచి గిరాకీ వచ్చింది. కండువాలు వెళ్లిపోయాయి. కారు అక్కడే ఉంది.

నేను ఇంకా స్టీరింగ్ ముందే కూర్చుని ఉన్నాను. దిగితే ఆ పదిమంది ముఖాలు చూడాలి. మా ఆవిడ అంగడి అరుగు నీడలోకి పోయి ఎవరితోనో ఫోనులో మాట్లాడి వచ్చింది.

"గాలి వేడి చూసే సెన్సర్ యాడ పెట్టినారు?"

"ఎందుకు?"

"యాడ పెట్టినారో చెప్పండి."

దిగి చూపించాను. ఇంజిన్ నెత్తిన నల్లటి రేకు పక్కనే, వైరు పొట్టిగా సరిపోతుందని అక్కడ బిగించాను. ఆమె ఆ పెద్దాయన దగ్గర తువాలు అడిగి తీసుకుంది. అంగడాయనను నీళ్లు అడిగింది.

"తాగే నీళ్లు కారుకి పోస్తారా మేడమ్? ఈడ కొళాయి వచ్చి ఎన్నాళ్లాయెనో తెలుసా?" అని ఆయన గొణిగాడు గానీ, క్యాను వంచి చెంబెడు ఇచ్చాడు.

తువాలు తడిపి, పిండి, సెన్సర్ చుట్టూ చుట్టింది. గుంపంతా చూస్తుండగా నిమిషాలు లెక్కపెట్టింది. తువాలు మీంచి ఆవిరి లేచింది. "ఇప్పుడు కొట్టండి," అంది.

ఒక్క సెల్ఫ్‌కే లేచింది. గుంపు ఈలలు వేసింది. "కరెంటు కారుకి జరమొచ్చినాదప్పా!" అని మొదటివాడు తీర్పు చెప్పాడు.

ఊరు దాటాక అడిగాను. ఆమె ఫోను చేసింది భాయ్‌కి. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న, సెన్సర్ ఎక్కడుందని. ఆమెకు గుర్తున్నంత చెబితే నవ్వాడట.

"బండి ఆపినాక ఆ సెన్సరు పొయ్యి మీద కూర్చుని, ఊర్లో గాలి ఎంత వేడి ఉండాదో చెప్తాండాది మేడమ్. దాన్ని నమ్మి మీ కంప్యూటరు పెట్రోలు తగ్గిస్తాండాది. ముందు దాని నెత్తిన తడిగుడ్డ వేయండి. సారు నెత్తిన తర్వాత వేద్దురు."

వేడిగాలి పలచన, పలచని గాలికి పెట్రోలు తక్కువ చాలు. ఇది నేను క్లాసులో చెప్పే పాఠమే. పరీక్షల్లో మార్కులు కూడా వేస్తాను.

పెద్దాయన తువాలు తిరిగి తీసుకోలేదు. దాన్ని గుత్తిలో ఒకసారి, గుంతకల్లులో ఒకసారి తడుపుకుంటూ గుడికి చేరేసరికి మంగలి పని ముగిసి, విస్తళ్లు వేస్తున్నారు. బావమరిది నా భుజం మీద చెయ్యేసి అందరికీ చూపించాడు.

"మా బావ సైంటిస్టు. బండి ఆగిపోతే మా పిల్లోల్లే తోసి స్టార్ట్ చేసినారు. చూసినారు కదా ఫొటో?" అన్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "బావా, నా బండికి గూడా ఒకటి చేసియ్యరాదూ? పికప్ ఏం వద్దు. మీటింగుకి పోయినప్పుడు నల్లగా పొగ రావల్ల. శానా పెద్ద బండి వచ్చినాదని అనుకోవల్ల."

నేను నాలుగు నెలలు కళ్లు పోగొట్టుకుని నేర్చుకున్న విద్యకు మా జిల్లాలో వచ్చిన మొదటి ఆర్డరు అది.

భోజనాల దగ్గర మామగారు, "ఇంతకీ ఏం చెడిపోయినాదమ్మా?" అని మా ఆవిడను అడిగారు. నేను విస్తరిలోకి తలవంచుకున్నాను. ఆమె చెప్పి ఉంటే పంక్తి మొత్తం పొలమారేది.

"ఎండకు నాయనా," అంది. "ఎండ ఎక్కువుండాది కదా."

అంత మర్యాద నేను తట్టుకోలేకపోయాను. పాయసం కూడా మళ్లీ అడగలేదు.

మర్నాడు భాయ్ ఆ సెన్సర్ని విప్పి, ముందు జాలీ వెనకాల, చల్లగాలి తగిలేచోట బిగించాడు. రెండు స్క్రూలు, మూరెడు వైరు, పది నిమిషాలు. ఆ వేసవిలో కారు మళ్లీ ఎక్కడా ఆగలేదు. నన్ను ఒక్కమాట అనలేదు ఆయన. అని ఉంటే బాగుండేది, వాదించుకునేవాడిని.

దానికి బదులు మంచు దేశాల వాళ్ల ఫోరంలో పెద్ద వ్యాసం రాశాను. కరువు సీమల్లో ఎండ ఇంజిన్ కంప్యూటర్ని ఎలా మోసం చేస్తుందో గ్రాఫులు గీసి వివరించాను. నేను పరిశీలించాను, నేను గమనించాను, నా ప్రయోగంలో తేలింది అని అడుగడుగునా రాసుకున్నాను. మా ఆవిడ నా వెనకాల నిలబడి మొత్తం చదివింది.

"బాగుండాది. ఇందులో భాయ్ యాడుండాడు?"

ఈసారి ఆ మాట మింగలేదు, పైకే అడిగింది. గంటసేపు కూర్చుని వ్యాసం సరిదిద్దాను. అనంతపురంలో ఒక మెకానిక్ ఉన్నాడని, లోపం పట్టుకుంది ఆయనేనని, అదీ ఫోనులోనని, తువాలు చుట్టింది మా ఆవిడ అని రాశాను. నా వంతుకు గ్రాఫులు మిగిలాయి.

వారంలోగా చాలామంది జవాబిచ్చారు. ఆ మెకానిక్‌ని కొన్ని అనుమానాలు అడగవచ్చా అని నలుగురు అడిగారు. నా గ్రాఫుల గురించి ఎవరూ ఏమీ అడగలేదు. షెడ్డుకు పోయి భాయ్‌కి ఆ సంగతి చెప్పాను.

ఆయన పాతగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "వాళ్ల దేశంలో ఎండుండాదా సార్?"

"అంతగా లేదు."

"మల్ల నేనేం చెప్తా?" అని ఎవరిదో ఆటో కిందికి దూరిపోయాడు.